తలలో రక్తనాళాల అడ్డదారి: క్యాథ్ ల్యాబ్‌లో మూసే చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో డ్యూరల్ ఫిస్టులా, ఏవీఎం, సీసీఎఫ్ అన్న మాటలు రిపోర్టులో చూసి కంగారుపడే రోగులూ వాళ్ళ ఇంటివాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వీటిలో డ్యూరల్ ఫిస్టులా గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాం. క్యాథ్ ల్యాబ్‌లో సన్నని గొట్టాలను రక్తనాళాల దారిన పంపి చేసే చికిత్సకు బాగా లొంగేదీ, ఆలస్యంగా గుర్తించడం వల్ల ఎక్కువ నష్టం జరిగేదీ అదే.

ఫిస్టులా అంటే మలద్వారం దగ్గర వచ్చేది కదా, తలలో ఏమిటి?

పేరు ఒకటే, జబ్బు వేరు. రెండు గొట్టాల మధ్య ఉండకూడని లంకె ఎక్కడ ఏర్పడినా వైద్యంలో దాన్ని ఫిస్టులా అంటారు. తలలో అది ధమనికీ సిరకూ మధ్య ఏర్పడుతుంది. మామూలుగా ధమనిలో జోరుగా వచ్చే రక్తం వెంట్రుక కన్నా సన్నని కేశనాళికల్లోకి చీలి, ఒత్తిడి తగ్గాకే సిరలోకి చేరుతుంది. ఫిస్టులాలో ఆ మధ్య దశ లేదు. బోరు మోటారు పైపును తెచ్చి నేరుగా ఇంటి మురుగు గొట్టానికి బిగించినట్టు అవుతుంది. మురుగు గొట్టం ఆ ఒత్తిడికి తయారైంది కాదు. ఎక్కడో ఉబ్బుతుంది, వెనక్కి తన్నుతుంది, చివరికి పగలనూవచ్చు.

డ్యూరల్ ఫిస్టులా, ఏవీఎం, సీసీఎఫ్ మూడూ ఒకటేనా?

కాదు. ఏవీఎం మెదడు కణజాలంలోనే ఉండే నాళాల చిక్కుముడి. ఎక్కువమందిలో చిన్నతనం నుంచే ఉంటుందని భావిస్తారు. డ్యూరల్ ఫిస్టులా మెదడును కప్పి ఉంచే గట్టి పొర డ్యూరాలో ఏర్పడుతుంది. ఇది సాధారణంగా నడివయసులోనో ఆ తరువాతో కొత్తగా వస్తుంది. తలలోని ఇలాంటి అసహజ లంకెల్లో దీని వంతు 10 నుంచి 15 శాతం. సీసీఎఫ్ అంటే కంటి వెనక ఉండే కేవర్నస్ సైనస్ అనే సిర గదిలోకి, మెడలోంచి తలకు పోయే కెరోటిడ్ ధమని రక్తం దూరడం. బైకు ప్రమాదంలో కపాలం అడుగు చిట్లినప్పుడు ధమని గోడే చిరిగి వచ్చేది ఒక రకం. చిన్న కొమ్మల నుంచి నెమ్మదిగా వచ్చేది ఇంకో రకం, అది నిజానికి డ్యూరల్ ఫిస్టులాయే.

రిపోర్టులో ‘ట్రాన్స్‌వర్స్ సైనస్’ అని ఉంది. ముక్కు సైనస్‌కు మందు వాడితే పోతుందా?

పోదు. ఆ సైనస్ వేరు. ఇది మెదడులోని రక్తాన్ని గుండె వైపు తీసుకుపోయే పెద్ద సిర కాలువ. ఆవిరి పట్టడం, ముక్కు చుక్కలు, ఇవేవీ దీనికి పనిచేయవు.

ఇది ఎందుకు వస్తుంది?

చాలామందిలో కారణం దొరకదు. దొరికినవాళ్ళలో తలకు దెబ్బ, తల ఆపరేషన్, చెవి వెనక ఎముక దాకా పాకిన చీము, సిర కాలువలో రక్తం గడ్డకట్టడం కనిపిస్తాయి. చివరిది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాన్పు తరువాత కొన్ని వారాల్లో మెదడు సిరల్లో గడ్డ కట్టే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వాలన్న పాత అలవాటు ఒంట్లో నీటిని తగ్గించి ఆ ముప్పును పెంచుతుంది. బాలింత తలనొప్పిని ‘సీతాళం’ అని వదిలేయకూడదు.

చెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడు వస్తోంది. ఇదేనా?

కావచ్చు, కాకపోవచ్చు. చెవిలో గుయ్యిమనే మోత చాలా కారణాల వల్ల వస్తుంది. తేడా తెలుసుకోవడానికి మణికట్టు నాడి పట్టుకుని చూడండి. చప్పుడు నాడితో అడుగులో అడుగేసి ‘బుస్, బుస్’ మని వస్తుంటే, అదీ ఒక చెవిలోనే అయితే, రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువైతే, నాళాల పరీక్ష అవసరం. చెవి వెనక స్టెతస్కోపు పెడితే డాక్టరుకు కూడా వినిపించిందంటే అనుమానం బలపడుతుంది. చెవి పరీక్ష, వినికిడి పరీక్ష రెండూ బాగున్నాయని ఇంటికి పంపేసినా, నాడితో కలిసే చప్పుడు మాత్రం ఆగకపోతే మళ్ళీ అడగాలి.

కన్ను ఎర్రబడి ఉబ్బింది, కళ్ళకలక మందు వాడినా తగ్గలేదు.

సీసీఎఫ్ ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. కళ్ళకలకలో పుసి కడుతుంది, సాధారణంగా రెండు వారాల్లోపు తగ్గుతుంది. సీసీఎఫ్‌లో పుసి ఉండదు. తెల్లగుడ్డు మీది నాళాలు నల్లగుడ్డు అంచు దాకా మెలికలు తిరిగి, కార్క్ స్క్రూలా ఉబ్బి కనిపిస్తాయి. కన్ను ముందుకు తోసుకొస్తుంది, వస్తువు రెండుగా కనబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గ్లకోమా మందు వేసినా ఒత్తిడి దిగకపోవడం ఒక గుర్తు. ప్రమాదం జరిగిన కొన్ని రోజులకో వారాలకో ఇది మొదలైతే, తలకు తగిలిన దెబ్బను కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చూపు తగ్గుతుంటే అది రోజుల్లో తేల్చుకోవాల్సిన పని.

అసలు ఎంత ప్రమాదం? కొందరికి వద్దన్నారట, మాకు వెంటనే చేయాలన్నారు.

రెండూ సరైన సలహాలే కావచ్చు. చప్పుడు ఎంత పెద్దగా ఉంది, తలనొప్పి ఎంత అన్నవి ప్రమాదాన్ని కొలవవు. అడగాల్సింది ఒక్కటే: సిరలో రక్తం ఏ దిక్కుకు పోతోంది? ఫిస్టులా రక్తం పెద్ద సిర కాలువలోకి దూరి, అక్కడి నుంచి గుండె వైపే సాఫీగా దిగిపోతుంటే అది మెతక రకం. చప్పుడు భరించగలిగితే మందు కూడా లేకుండా గమనిస్తూ ఉండొచ్చు. అదే రక్తం వెనక్కి తిరిగి మెదడు ఉపరితలం మీది సన్నని సిరల్లోకి ఎక్కుతుంటే దాన్ని కార్టికల్ వీనస్ రిఫ్లక్స్ అంటారు. ఆ మాట రిపోర్టులో ఉంటే కూర్చుని ఆలోచించే సమయం లేదు.

బోర్డెన్, కొన్యార్ పేర్లతో 1995లో వచ్చిన రెండు వర్గీకరణలూ ఈ దిక్కు చుట్టే తిరుగుతాయి. బోర్డెన్ 1 అంటే మెతక. 2, 3 అంటే మెదడు సిరల్లోకి ఎదురెక్కుతోందని అర్థం. కొన్యార్‌లో 2బీ నుంచి పైన అన్నీ జాగ్రత్త పడాల్సినవే. రిఫ్లక్స్ ఉండి, రక్తస్రావమో ఫిట్సో కాలూచేయీ బలహీనతో అప్పటికే వచ్చినవాళ్ళలో ఏడాదికి రక్తస్రావం ముప్పు 7 శాతం చుట్టూ ఉంటుందని ప్రచురిత పరిశీలనలు చెబుతున్నాయి. రిఫ్లక్స్ ఉన్నా అలాంటి లక్షణాలు లేనివాళ్ళలో అది 1.5 శాతం దరిదాపు. ఒకసారి రక్తం చిమ్మాక మొదటి రెండు వారాల్లోనే మళ్ళీ చిమ్మే అవకాశం చాలా ఎక్కువ. ‘పండగ వెళ్ళాక చేయించుకుంటాం’ అనడం అప్పుడు పనికిరాదు.

మెతక రకం ఎప్పటికీ మెతకగానే ఉంటుందని రాసిచ్చేవారెవరూ లేరు. వందలో ఇద్దరు ముగ్గురిలో అది రూపు మారుతుంది. అలవాటైన చప్పుడు హఠాత్తుగా పెరిగినా, హఠాత్తుగా ఆగిపోయినా మళ్ళీ స్కాన్ చేయించాలి. ఆగిపోయిందని సంతోషపడి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. సిర కాలువ మూసుకుపోయి రక్తం మెదడు వైపు దారి మళ్ళినా చప్పుడు ఆగుతుంది మరి.

మా నాన్నగారికి మతిమరుపు, నడక తడబాటు అన్నారు. దీనికీ ఫిస్టులాకూ ఏం సంబంధం?

సిరల్లో ఒత్తిడి పెరిగి మెదడంతా ఉబ్బరించినప్పుడు ముసలితనం మతిమరుపులాంటి లక్షణాలే వస్తాయి. నెలల్లోనే వేగంగా ముదిరిన మతిమరుపును వయసు మీదకు నెట్టేయకుండా నాళాల స్కాన్ చూడాలి. ఫిస్టులా మూశాక ఈ రకం మతిమరుపు చాలావరకు వెనక్కి తగ్గుతుంది. మతిమరుపుల్లో ఇలా తగ్గేవి కొన్నే.

సీటీ, ఎంఆర్ఐ అయ్యాయి. మళ్ళీ డీఎస్‌ఏ ఎందుకు?

మామూలు సీటీలో ఫిస్టులా కనిపించకపోవచ్చు. ఎంఆర్ఐలో ఉబ్బిన సిరలు కనబడి అనుమానం వస్తుంది. కానీ ఏ కొమ్మ నుంచి వస్తోంది, ఎక్కడ కలుస్తోంది, ఏ దిక్కుకు పోతోంది అన్న మూడూ కచ్చితంగా తేలేది డీఎస్‌ఏ అనే ఆంజియోగ్రామ్‌లోనే. గజ్జలోని ధమని నుంచో మణికట్టు నుంచో సన్నని గొట్టం పంపి, రెండు వైపులా బయటి కెరోటిడ్, లోపలి కెరోటిడ్, వర్టిబ్రల్, మొత్తం ఆరు నాళాల్లో రంగుమందు వదిలి ఫిల్ములు తీస్తారు. బయటి కెరోటిడ్ విడిగా తీయకపోతే డ్యూరల్ ఫిస్టులా తప్పిపోవచ్చు. ‘నాలుగు నాళాల ఆంజియో నార్మల్’ అని పాత రిపోర్టు ఉంటే ఈ సంగతి డాక్టరుతో ప్రస్తావించండి. ఈ పరీక్ష వల్ల శాశ్వతమైన పక్షవాతం వచ్చే అవకాశం వందకు ఒకటి కన్నా తక్కువ.

తల కోయకుండా ఎలా మూస్తారు?

పూర్తి మత్తు ఇస్తారు. రోగి కదిలితే బొమ్మ చెదురుతుంది. గజ్జలో 6 ఫ్రెంచ్ షీత్, అంటే లోపల సుమారు 2 మిల్లీమీటర్ల దారి ఉండే గొట్టం, పెడతారు. అందులోంచి గైడింగ్ క్యాథెటర్ అనే గొట్టాన్ని మెడ దాకా, దాని లోపలి నుంచి ఇంకా సన్నని మైక్రోక్యాథెటర్‌ను ఫిస్టులా దగ్గరికి తీసుకువెళ్తారు. గొట్టాల్లో గడ్డ కట్టకుండా హెపారిన్ కలిపిన సెలైన్ చుక్కలు చుక్కలుగా పోతూనే ఉంటుంది.

ధమని దారిలో అన్నిటికన్నా అనువైనది మిడిల్ మెనింజియల్ ధమని. అది డ్యూరాలోనే తిన్నగా పరుగెత్తుతుంది. కొనను ఫిస్టులాకు వీలైనంత దగ్గరగా నిలిపాక ఆనిక్స్ అనే ద్రవం ఎక్కిస్తారు. ఇది డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించిన ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్. ఎక్స్‌రేలో కనబడటానికి టాంటలం పొడి కలిపి ఉంటుంది. సీసాలో 1.5 మిల్లీలీటర్లు ఉంటుంది. వాడే ముందు షేకర్ మీద కనీసం 20 నిమిషాలు ఊపుతారు. సరిగ్గా ఊపకపోతే పొడి అడుక్కి దిగి, ఎక్కించిన మందు తెర మీద కనబడదు. కనబడని మందును ఎక్కించడమంటే కళ్ళు మూసుకుని బండి నడపడమే.

ముందు మైక్రోక్యాథెటర్ లోపలి ఖాళీని, మారథాన్ రకంలో 0.23 మిల్లీలీటర్లు, డీఎంఎస్ఓతో నింపుతారు. తరువాత ఆనిక్స్‌ను నిమిషానికి సుమారు 0.1 మిల్లీలీటరు చొప్పున ఓపికగా తోస్తారు. బెల్లం పాకం ముదిరిందో లేదో చూడటానికి చన్నీళ్ళలో వేస్తే ఉండ కట్టినట్టు, ద్రావకం రక్తంలో కలిసిపోగానే ప్లాస్టిక్ పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగా ఉండి ముందుకు జరుగుతుంది. కొన చుట్టూ కొంచెం వెనక్కి వస్తే 30 సెకన్ల నుంచి 2 నిమిషాలు ఆగుతారు. అక్కడ బిరడా కట్టాక మళ్ళీ తోస్తే మందు ముందుకే పోతుంది. అందుకే గంటల తరబడి సాగుతుంది. బయట కూర్చున్నవాళ్ళకు చెబుతున్నాం, మూడు నాలుగు గంటలు పట్టిందంటే ఏదో అయిందని కాదు.

మందు చేరాల్సింది ధమనిలో కాదు, సిర మొదట్లో. ధమని కొమ్మలు మాత్రమే మూస్తే వారాల్లో పక్క కొమ్మలు లావెక్కి అదే చోటికి రక్తం తెస్తాయి. చెరువు కట్టకు గండి పడితే గండినే పూడ్చాలి గానీ చెరువులోకి వచ్చే వాగులన్నిటికీ అడ్డం కట్టుకుంటూ పోలేం. పైగా దగ్గరి దారులు మూసుకుపోయాక రెండోసారి వెళ్ళడం ఇంకా కష్టం.

గ్లూ, కాయిల్స్ ఎప్పుడు?

గ్లూ అంటే ఎన్‌బీసీఏ అనే జిగురు, లిపియోడాల్ నూనెతో కలిపి వాడతారు. రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది. అందుకే ముందు గొట్టాన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడిగి, మందు వదిలిన వెంటనే గొట్టం లాగేయాలి. ధర తక్కువ, చేతి నేర్పు ఎక్కువ కావాలి. కేవర్నస్ సైనస్ ఫిస్టులాకు తరచు సిర దారే మేలు. ఇన్‌ఫీరియర్ పెట్రోసల్ సైనస్ అనే సిర కాలువ గుండా ఎక్కి ప్లాటినం కాయిల్స్‌తో, అంటే సన్నని తీగ చుట్టలతో, ఆ గదిని నింపుతారు. ఆ దారి మూసుకుపోయి ఉంటే కనురెప్ప దగ్గరి సిరను తెరిచి వెళ్ళడం కూడా ఉంది. ప్రమాదంలో ధమనే చిరిగిన సీసీఎఫ్‌కు ఒకప్పుడు విడిపోయే బెలూన్ వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా కాయిల్స్, అవసరమైతే స్టెంట్.

ఏమేం తేడా కొట్టవచ్చు?

దాచుకోకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. సంతకం పెట్టే ముందే అడగండి.

తల బయటి నాళాలకూ కంటి, మెదడు నాళాలకూ మధ్య సన్నని రహస్య దారులుంటాయి. మెనింజియల్ కొమ్మ ఒక్కోసారి కంటి ధమనితో కలిసి ఉంటుంది. అటు మందు పోతే చూపు పోతుంది. అదే నాళానికి ఉన్న పెట్రోసల్ కొమ్మ ముఖ నరానికి రక్తమిస్తుంది. మందు వెనక్కి ఎక్కువగా వస్తే మూతి వంకర పోతుంది. అసెండింగ్ ఫారింజియల్ కొమ్మలో ఎక్కిస్తే మింగడం, గొంతు దెబ్బతినే భయం. మందు వెనక్కి వచ్చే దూరాన్ని ముందే ఫిల్ము మీద గీసుకుని, ఆ గీత దాటనివ్వకపోవడమే నివారణ.

డీఎంఎస్ఓ వేగంగా తోస్తే నాళం బిగుసుకుంటుంది, నొప్పి కలుగుతుంది. డ్యూరా మీది నరం రేగి గుండె వేగం హఠాత్తుగా 40కి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. తోయడం ఆపితే తేరుకుంటుంది, లేదంటే అట్రోపిన్ ఇస్తారు. మత్తు డాక్టరు ఆ క్షణానికి సిద్ధంగా ఉండాలి.

మైక్రోక్యాథెటర్ కొన ప్లాస్టిక్‌లో ఇరుక్కుపోవచ్చు. బలంగా లాగితే నాళం చిరుగుతుంది, కాబట్టి రాకపోతే గజ్జ దగ్గర కత్తిరించి వదిలేస్తారు. వినడానికి భయంగా ఉన్నా అదే క్షేమం. అన్నిటికన్నా పెద్ద తప్పు, మెదడు ఇంకా వాడుకుంటున్న సిర కాలువను మూసేయడం. అప్పుడు మంచి రక్తానికి బయటికి దారి లేక మెదడు వాస్తుంది, రక్తం చిమ్ముతుంది. కాలువ ‘పనిచేస్తోందా, ఎదురెక్కే రక్తమే ఉందా’ అని తేల్చుకోకుండా కాయిల్స్ పెట్టరు.

ఏవీఎంకు కూడా ఇదే చేస్తారా?

ఏవీఎంలో ఎంబొలైజేషన్, అంటే ఇలా మందు ఎక్కించి నాళాలు మూయడం, ఒక్కదానితో పూర్తిగా పోయేవి తక్కువ. చాలాసార్లు అది ఆపరేషన్‌కు ముందు మెట్టు. స్పెట్జ్‌లర్-మార్టిన్ గ్రేడు, అంటే 3 సెంటీమీటర్ల లోపా, 6 దాటిందా, ముఖ్యమైన మెదడు భాగమా, లోతు సిరలున్నాయా అన్నదాన్ని బట్టి ఆపరేషన్, గామా నైఫ్ లాంటి రేడియోసర్జరీ (కోత లేకుండా కిరణాలతో చేసే చికిత్స), లేదా గమనించడం. రేడియోసర్జరీ తరువాత ముడి మూసుకోవడానికి 2 నుంచి 3 ఏళ్ళు పడుతుంది, అంతవరకు రక్తస్రావం ముప్పు ఉంటుంది. రక్తం ఎప్పుడూ చిమ్మని ఏవీఎంల మీద 2014లో ప్రచురితమైన అరూబా అధ్యయనంలో మందులతో గమనించినవాళ్ళే తక్కువ నష్టపోయారు. దాని మీద వాదాలు ఇంకా ఉన్నాయి.

చికిత్సకు ముందు ఏం చేయాలి?

ఘనాహారం 6 గంటలు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీ బలహీనంగా ఉంటే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపి, 48 గంటల తరువాత మళ్ళీ పరీక్ష చూసి మొదలుపెడతారు. ఫిట్స్ మాత్ర, బీపీ మాత్ర ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు. రక్తం పలచన చేసే మాత్రలు సొంతంగా ఆపొద్దు, సొంతంగా మొదలుపెట్టొద్దు. రొయ్యలు పడవు కాబట్టి రంగుమందు పడదన్నది అపోహ. గతంలో రంగుమందుకే దద్దుర్లు వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పాలి.

చికిత్స అయ్యాక?

గజ్జ మీద 15, 20 నిమిషాలు నొక్కిపట్టి, కాలు 4 నుంచి 6 గంటలు చాపి ఉంచుతారు. మణికట్టు దారైతే ఈ బాధ లేదు. గజ్జలో ఉబ్బు పెరిగినా, పాదం చల్లబడినా, నడుము పక్క నొప్పితో చెమటలు పోసినా నర్సును పిలవండి. చివరిది కడుపు వెనక రక్తం కారుతున్న గుర్తు కావచ్చు, బయటికి కనబడదు. మొదటి రాత్రి ఐసీయూలో బీపీని అదుపులో ఉంచుతారు.

ఒకటి రెండు రోజులు ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. ‘పథ్యంలో ఎవరు పెట్టారు’ అని ఇంట్లో గొడవపడక్కర్లేదు, అది డీఎంఎస్ఓ ఒంట్లోంచి పోయే వాసన. చెవి చప్పుడు చాలామందికి మత్తు దిగేసరికే ఉండదు. కన్ను మాత్రం సిరలో గడ్డ కట్టే క్రమంలో మొదటి రోజుల్లో ఇంకొంచెం ఎర్రబడవచ్చు. ఎరుపు వారాల్లో, వస్తువు రెండుగా కనబడటం నెలల్లో తగ్గుతాయి. చూపు తగ్గితే మాత్రం అదే రోజు చూపించాలి.

మెడ నరాన్ని నొక్కితే నయమవుతుందని విన్నాం.

సగం నిజం. కొన్ని నెమ్మది రకం కేవర్నస్ ఫిస్టులాల్లో, డాక్టరు నేర్పిన తరువాత, మెడ ధమనిని కొద్ది సెకన్లతో మొదలుపెట్టి రోజుకు చాలాసార్లు నొక్కే పద్ధతి ఉంది. ఎదుటి పక్క చేత్తోనే నొక్కాలి. మెదడుకు రక్తం చాలకపోతే మొదట బలహీనపడేది ఆ చెయ్యే, తనంతట తనే జారిపోతుంది. కెరోటిడ్‌లో కొవ్వు గడ్డలున్నవాళ్ళు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళు, మెదడు సిరల్లోకి రిఫ్లక్స్ ఉన్నవాళ్ళు చేయకూడదు. వీడియో చూసి మొదలుపెట్టే పని కాదు.

ఎక్కడ చేయించుకోవాలి, ఖర్చు సంగతి?

తిరుపతిలో అలిపిరి రోడ్డులోనే స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు వైపువాళ్ళకు వేలూరు దగ్గర. చెన్నై, బెంగుళూరు కూడా ఇక్కడి నుంచి చాలామంది వెళ్ళే ఊళ్ళే. పేరు కన్నా నాలుగు సంగతులు అడగండి: రెండు కోణాల్లో ఒకేసారి చూపే బైప్లేన్ యంత్రం ఉందా, చేసేవారు డ్యూరల్ ఫిస్టులాలు తరచు చేస్తారా, రక్తం చిమ్మితే అప్పటికప్పుడు తల తెరవగల న్యూరోసర్జన్ అదే ఆవరణలో ఉన్నారా, న్యూరో ఐసీయూ ఉందా.

బిల్లును పెంచేవి సామాన్లే: ఆనిక్స్ సీసాలు ఎన్ని, మైక్రోక్యాథెటర్లు ఎన్ని, కాయిల్స్ ఎన్ని. అంచనా కాగితంలో ఇవి విడివిడిగా రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే చేరకముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలిసి, మీ చికిత్సకు ముందస్తు అనుమతి పెట్టించండి. 104కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. సొంత డబ్బు కట్టేశాక పథకం కిందికి మార్చడం చాలా కష్టం.

గుండు కొట్టించుకోవచ్చా? కొండ నడిచి ఎక్కవచ్చా?

తలకు కోత లేదు కాబట్టి గుండుకు అడ్డు లేదు. ఎక్కువసేపు ఎక్స్‌రే తగిలితే 2, 3 వారాలకు ఒకచోట జుట్టు గుండ్రంగా ఊడవచ్చు, సాధారణంగా 2, 3 నెలల్లో మళ్ళీ వస్తుంది. ఆ చోట చర్మం ఎర్రగా ఉంటే కత్తి తగిలించకండి. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. గజ్జ గాయం మానాలి, బీపీ అదుపులో ఉండాలి. పూర్తిగా మూసుకుందని డీఎస్‌ఏలో తేలాక డాక్టరు సరేనంటే నడవండి. రిఫ్లక్స్ ఉండి ఇంకా చికిత్స కానివాళ్ళు బస్సులోనే వెళ్ళడం మంచిది.

ఎప్పుడు 108కి ఫోన్ చేయాలి?

క్షణాల్లో పెరిగిన, జీవితంలో ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి, ఫిట్స్, మూతి వంకర, ఒక పక్క పడిపోవడం, మగత. పడుకోబెట్టి తల కొంచెం ఎత్తుగా ఉంచండి, నోట్లో ఏమీ పోయకండి, ఆస్పిరిన్ ఇవ్వకండి. ముందు సీటీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి, పెద్ద ఊరికి ఆ తరువాత.

నయమైందని ఎలా తెలుస్తుంది?

చప్పుడు ఆగడం చాలదు. 3 నుంచి 6 నెలలకు మళ్ళీ డీఎస్‌ఏ తీసి చూస్తారు. ఆనిక్స్, ప్లాటినం కాయిల్స్‌తో ఎంఆర్ఐ చేయించుకోవచ్చు, ఏ సామాను పెట్టారో రాసిన డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. ఆనిక్స్ ఉన్నచోట సీటీ బొమ్మ మెరిసి చారలు పడుతుంది, దాన్ని కొత్త రక్తస్రావమని పొరబడిన సందర్భాలున్నాయి. అందుకే చికిత్స నాటి డీఎస్‌ఏ సీడీని రెండు కాపీలు తీసుకోండి. ఫిల్ము మీద అచ్చువేసిన బొమ్మల్లో రక్తం కదలిక ఉండదు, ఇంకో డాక్టరుకు కావాల్సింది ఆ కదలికే.